ఆరు నెలలకొక సెలైను: మల్టిపుల్ స్క్లెరోసిస్‌కు యాంటీబాడీ మందు తీసుకునేవారి కోసం

మా అమ్మాయికి ఇరవయ్యారేళ్ళ వయసులో ఎడమ కన్ను మసకబారింది. కన్ను కదిపితే నొప్పి పుట్టేది. నెల తిరిగేసరికి చూపు చాలావరకు తిరిగి వచ్చింది గనుక మేము ఆ సంగతి మరచిపోయాము. మరుసటి సంవత్సరం అరికాళ్ళలో మొదలైన తిమ్మిరి నడుము దాకా పాకినప్పుడు నరాల బలహీనత అని చెప్పి బలానికి సూదులు వేశారు. మూడోసారి కుడికాలు ఈడ్చి నడవవలసి వచ్చినప్పుడు గాని తలకు, వెన్నుకు ఎం.ఆర్.ఐ. తీయించలేదు. అప్పుడు తెలిసింది, మూడూ ఒకే జబ్బు పనులని. దాని పేరు మల్టిపుల్ స్క్లెరోసిస్, వాడుకలో ఎం.ఎస్. అంటారు. వచ్చి, తగ్గి, మళ్ళీ వచ్చే రకాన్ని రిలాప్సింగ్ ఎం.ఎస్. అంటారు.

కోనసీమలో చాలాకాలం సైన్సు మాస్టారుగా పనిచేసిన నాకు కూడా, డాక్టరు గారు ఆరు నెలలకొకసారి సెలైనులో ఎక్కించే యాంటీబాడీ (ఎంచుకున్న లక్ష్యాన్ని పట్టుకునే ప్రొటీను) మందు మొదలుపెడదామన్నప్పుడు సగం మాటలు అర్థం కాలేదు. ఆనాడు మాకు ఎవరైనా చెప్పి ఉంటే బాగుండునని అనిపించినవన్నీ ఇక్కడ వ్రాస్తున్నాను. మోతాదు, మందు ఎంపిక మీ న్యూరాలజిస్టు నిర్ణయించవలసినవి. వారిని ఏమి అడగాలో, ఇంటి దగ్గర ఏమి చూసుకోవాలో చెప్పడం వరకే నా పని.

మందు దేనిని ఆపుతుంది, దేనిని ఆపలేదు

డెల్టాలో పుట్టినవారికి ఈ జబ్బును కాలువతో పోల్చి చెప్పడం తేలిక. ధవళేశ్వరంలో వదిలిన నీరు శివారు పొలానికి చేరాలంటే దారి పొడుగునా గట్లు గట్టిగా ఉండాలి. మెదడు, వెన్నుపాము, కంటి నరాలలోని తంతువుల చుట్టూ మైలిన్ అనే కొవ్వుపొర అటువంటి గట్టులా ఉంటుంది. ఎం.ఎస్.లో మన రోగనిరోధక కణాలే దానిని పరాయిదనుకొని అక్కడక్కడ గండ్లు కొడతాయి. గండి పడిన చోటును బట్టి చూపు, నడక, స్పర్శ, మూత్రం మీద అదుపు దెబ్బతింటాయి. శరీరం కొన్ని గండ్లను పూడ్చుకుంటుంది గాని పూడ్చిన గట్టు మునుపటి గట్టు కాదు. గండ్లు పెరిగిన కొద్దీ లోపలి తంతువే ఎండిపోతుంది.

ఈ యాంటీబాడీ మందులు గండ్లు కొట్టేవారిని తగ్గిస్తాయి, పడిపోయిన గట్టును తిరిగి కట్టవు. ఇది ముందే గ్రహించకపోతే మొదటి సంవత్సరంలోనే నిరాశ కలుగుతుంది. ఇంత ఖర్చు పెట్టి సెలైను పెట్టించారు కదా, అమ్మాయికి ఏం తగ్గింది అని బంధువులు అడుగుతారు. ఏమీ కొత్తగా రాకపోవడమే తగ్గడం. కొత్త ఎటాక్ (జబ్బు మళ్ళీ తిరగబెట్టడం) లేకుండా, ఎం.ఆర్.ఐ.లో కొత్త మచ్చ లేకుండా గడిచిన ప్రతి ఆరు నెలలూ ఆ మందు చేసిన పనే. పాత తిమ్మిరికి, అలసటకు, కాళ్ళ బిగువుకు ఫిజియోథెరపీ, వేరే మందులు ఉంటాయి.

రక్తంలో బి కణాలు అనే ఒక రకం తెల్లకణాలుంటాయి. వాటి పైన సీడీ20 అనే ప్రొటీను ఉంటుంది. ఈ మందు ఆ ప్రొటీనును పట్టుకొని ఆ కణాన్ని నశింపజేస్తుంది. ఎం.ఎస్. ప్రధానంగా టి కణాలు అనే మరో రకం తెల్లకణాల జబ్బని చాలాకాలం అనుకున్నారు. 2008లో, ఈ రకం మందే అయిన రిటుక్సిమాబ్‌ను రోగుల మీద పరీక్షించిన ఫలితాలు ప్రచురితమైన తరువాత, టి కణాలను ఉసిగొల్పడంలో బి కణాల పాత్ర ఎంతటిదో స్పష్టమయింది. అయితే కొత్త రక్తకణాలను పుట్టించే మూలకణాల మీద, యాంటీబాడీలను తయారుచేసే ప్లాస్మా కణాల మీద సీడీ20 ఉండదు. అందుకే చిన్నప్పటి టీకాల రక్షణ చాలావరకు నిలుస్తుంది, మందు ఆపితే బి కణాలు నెమ్మదిగా తిరిగి వస్తాయి. రోగనిరోధక శక్తి మొత్తం పోతుందన్న భయం నిజం కాదు. ఏమీ కాదన్న ధీమా కూడా నిజం కాదు.

ఓక్రెలిజుమాబ్, రిటుక్సిమాబ్

మన దగ్గర ఎక్కువగా వినిపించే పేర్లు ఈ రెండూ. రిటుక్సిమాబ్ 1997లో లింఫోమా అనే క్యాన్సరుకు అమెరికాలో అనుమతి పొందిన పాత మందు. ఎలుక ప్రొటీను భాగం, మనిషి ప్రొటీను భాగం కలిపి చేసినది. ఓక్రెలిజుమాబ్ దాదాపు అంతా మనిషి ప్రొటీనులా ఉండేటట్లు మలచినది. 2017 మార్చిలో అమెరికాలో ఎం.ఎస్. కోసమే అనుమతి వచ్చింది. ఒపేరా పేరుతో జరిగిన రెండు పెద్ద పరీక్షలలో 1,656 మందిని 96 వారాలు గమనించారు. ఇంటర్‌ఫెరాన్ అనే పాత ఎం.ఎస్. మందు సూదులు తీసుకున్నవారిలో ఏడాదికి సగటున 0.29 ఎటాక్‌లు వస్తే, ఓక్రెలిజుమాబ్ తీసుకున్నవారిలో 0.16 వచ్చాయి. అంటే దాదాపు సగం తగ్గాయి. ఎం.ఆర్.ఐ.లో అప్పటికప్పుడు రగులుతున్న మచ్చలు తొంభై శాతానికి పైగా తగ్గాయి.

రిటుక్సిమాబ్‌కు ఎం.ఎస్. కోసం ప్రత్యేక అనుమతి లేకపోయినా డాక్టర్లు తమ విచక్షణతో వాడతారు. దీనిని రెండవ తరగతి వైద్యంగా చూడనక్కరలేదు. స్వీడన్‌లో ఈ మందు విస్తృతంగా వాడుకలో ఉంది; అక్కడ జరిపి 2022లో ప్రచురించిన పరీక్షలో రెండేళ్ళ కాలంలో రిటుక్సిమాబ్ తీసుకున్నవారిలో 3 శాతం మందికి, డైమిథైల్ ఫ్యూమరేట్ అనే ఎం.ఎస్. మాత్రలు వాడినవారిలో 16 శాతం మందికి ఎటాక్ వచ్చింది. 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తన అత్యావశ్యక మందుల జాబితాలో ఎం.ఎస్. కోసం చేర్చిన మూడు మందులలో ఇది ఒకటి. హైదరాబాదుకు చెందిన డాక్టర్ రెడ్డీస్ సంస్థ 2007లోనే దీనికి సమానమైన మందును తయారుచేసి విడుదల చేసింది గనుక మన దేశంలో దీని ధర ఓక్రెలిజుమాబ్ కంటే చాలా తక్కువ. మధ్యలో ఆపవలసి వచ్చే ఖరీదైన మందు కంటే ఏళ్ళ తరబడి కొనసాగించగల మందు మేలు అని నా అభిప్రాయం. ఇంటి ఆదాయం సంగతి డాక్టరు గారి దగ్గర దాచకండి.

నెలనెలా ఎక్కించే నటాలిజుమాబ్, ఇంట్లోనే చర్మం కింద వేసుకునే ఓఫాటుముమాబ్ వంటివి కూడా ఉన్నాయి. వాటి లెక్క వేరు. ఏ మందయినా మొదలుపెట్టే ముందు ఒక ప్రశ్న మాత్రం తప్పక అడగండి: ఇది ఎం.ఎస్.యేనా, న్యూరోమైలైటిస్ ఆప్టికా కాదు కదా? కంటి నరం, వెన్నుపాము దెబ్బతినే ఆ జబ్బు పైకి ఎం.ఎస్.లాగే ఉంటుంది గాని ఇంటర్‌ఫెరాన్, నటాలిజుమాబ్ వంటి కొన్ని ఎం.ఎస్. మందులు దానిని ముదరబెడతాయి. ఆక్వాపోరిన్-4 యాంటీబాడీ కోసం చేసే రక్తపరీక్ష ఈ అనుమానం తీర్చడానికే.

మొదలుపెట్టే ముందు

అన్నిటికంటే ముఖ్యమైనది హెపటైటిస్ బి పరీక్ష. ఆ వైరస్ కాలేయంలో ఎన్నో ఏళ్ళు నిద్రాణంగా ఉండి, బి కణాలు తగ్గగానే విజృంభించి ప్రాణం మీదకు తెస్తుంది. అందుచేత ఉపరితల యాంటిజెన్ (HBsAg) ఒక్కటే కాక, పాత సోకును పట్టించే కోర్ యాంటీబాడీ (anti-HBc) కూడా చూడాలి. చాలా ల్యాబులలో మొదటిదే చేసి సరిపెడతారు, రెండూ ఉన్నాయో లేదో కాగితం మీద చూసుకోండి. చురుకుగా ఉన్న హెపటైటిస్ బి ఉంటే ఈ మందు ఇవ్వకూడదు. పాత సోకు ఆనవాలు మాత్రమే ఉంటే కాలేయ వైద్యులను సంప్రదించి, అవసరమైతే వైరస్ మందు కాపుగా పెట్టి మొదలుపెడతారు. దీనితోపాటు ఇమ్యునోగ్లోబ్యులిన్ (రక్తంలోని యాంటీబాడీల) స్థాయి, రక్తకణాల లెక్క, కాలేయ పరీక్ష, హెచ్.ఐ.వి., క్షయ కోసం ఛాతీ ఎక్స్‌రే లేదా రక్తపరీక్ష చేయిస్తారు.

టీకాలు ముందే వేయించుకోవాలి, ఎందుకంటే బి కణాలు తగ్గిన తరువాత వేసిన టీకాకు శరీరం సరిగ్గా స్పందించదు. ఆటలమ్మ టీకా వంటి బతికిన సూక్ష్మజీవులతో చేసినవి మందుకు కనీసం నాలుగు వారాల ముందు, ఫ్లూ, న్యుమోనియా, హెపటైటిస్ బి వంటివి వీలయినంతవరకు రెండు వారాల ముందు పూర్తి కావాలి. చిన్నప్పుడు అమ్మవారు పోసిందో లేదో ఇంట్లో పెద్దవాళ్ళను అడిగి తెలుసుకోండి. వారికి గుర్తు లేకపోతే రక్తపరీక్షలో తెలుస్తుంది. జబ్బు ఉధృతంగా ఉంటే టీకాల కోసం మందు ఆలస్యం చేయవద్దని డాక్టరు అనవచ్చు. అది వారి తూకం.

మందు సీసా మీరే కొని తెచ్చే పక్షంలో మరొక బాధ్యత ఉంది. దానిని 2 నుంచి 8 డిగ్రీల చలిలోనే ఉంచాలి, గడ్డకట్టనివ్వకూడదు, కుదపకూడదు. విజయవాడలోనో విశాఖలోనో కొన్న సీసాను మే నెల ఎండలో బస్సు పైఅరలో పెట్టి తెస్తే అది మందు కాకుండా పోతుంది. థర్మోకోల్ పెట్టెలో ఐస్ ప్యాకులు పెట్టి, సీసా అట్టపెట్టెకు అవి నేరుగా తగలకుండా గుడ్డ చుట్టి తేవాలి. కుదిరితే దుకాణం వారే నేరుగా ఆసుపత్రికి చేర్చేటట్లు మాట్లాడుకోవడం ఉత్తమం. పెట్టె మీది బ్యాచ్ నంబరు పుస్తకంలో వ్రాసుకోండి.

సెలైను పెట్టే రోజు

ఓక్రెలిజుమాబ్ మొదటి మోతాదును రెండు సగాలు చేస్తారు: 300 మిల్లీగ్రాములు ఒక రోజు, మరో 300 రెండు వారాల తరువాత. ఆపైన ఆరు నెలలకొకసారి 600. రిటుక్సిమాబ్ మోతాదు డాక్టరును బట్టి 500 లేదా 1,000 మిల్లీగ్రాములు ఉంటుంది. ముందు రోజు జ్వరం, దగ్గు, మూత్రంలో మంట, పుండు ఏది ఉన్నా ఫోను చేసి చెప్పండి. ఇన్ఫెక్షన్ ఉండగా ఈ మందు ఎక్కించరు. ప్రయాణం చేసి వెళ్ళి తిరిగి రావడం కంటే ఇంటి దగ్గరే తెలుసుకోవడం మంచిది. రక్తపోటు మాత్రలు వాడేవారు ఆ ఉదయం మాత్ర వేసుకోవాలా వద్దా అని అడగాలి, ఎందుకంటే మందు ఎక్కుతుండగా రక్తపోటు పడిపోయే అవకాశముంది.

ఉదయం టిఫిన్ తిని వెళ్ళండి. అసలు మందుకు అరగంట ముందు మిథైల్ ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ 100 మిల్లీగ్రాములు నరంలోకి ఇస్తారు. అలర్జీ సూది, చాలాచోట్ల పారాసెటమాల్ కూడా ఇస్తారు. ఇవి దుష్ప్రభావాలను అణచడానికే. షుగరు ఉన్నవారికి ఈ స్టెరాయిడ్ వల్ల ఒకటి రెండు రోజులు చక్కెర పెరుగుతుంది, కొందరికి ఆ రాత్రి నిద్ర పట్టదు. అలర్జీ సూదికి మగత వస్తుంది గనుక మోటారు సైకిలు మీరే నడుపుకొని ఇంటికి రాకూడదు.

అసలు మందును చాలా నెమ్మదిగా మొదలుపెట్టి, అరగంటకొకసారి రక్తపోటు, నాడి చూస్తూ వేగం పెంచుతారు. ఓక్రెలిజుమాబ్ అయితే సగం మోతాదుకు రెండున్నర గంటలు, పూర్తి మోతాదుకు మూడున్నర గంటలు లేదా ఎక్కువ పడుతుంది. ఇంతకుముందు తీవ్రమైన ఇబ్బంది లేనివారికి పూర్తి మోతాదును రెండు గంటలలో ఇచ్చే పద్ధతి కూడా ఉంది. తొందరగా కానివ్వండి, బస్సు ఉంది అని సిస్టరును ఒత్తిడి చేయడం మనకే ప్రమాదం. పరీక్షలలో ప్రతి ముగ్గురిలో సుమారు ఒకరికి ఏదో ఒక ప్రతిచర్య కనిపించింది, ఎక్కువగా మొదటిసారే. దురద, దద్దుర్లు, గొంతులో గరగర, ముఖం వేడెక్కి ఎర్రబడటం, చలి, తలనొప్పి, గుండె దడ, ఊపిరి అందకపోవడం, వీటిలో ఏది మొదలైనా ఆ క్షణమే చెప్పాలి. మన ఆడవాళ్ళు సిస్టరును ఇబ్బంది పెట్టడమెందుకని ఓర్చుకుంటారు. మా అమ్మాయి కూడా గొంతు దురదను పావుగంట ఓర్చుకుంది. చెప్పిన వెంటనే సెలైను ఆపి, మందు ఇచ్చి, తిరిగి నెమ్మదిగా ఎక్కించారు, అంతా సవ్యంగా ముగిసింది. ఓర్చుకోవడం ఇక్కడ గుణం కాదు. పూర్తయ్యాక మరో గంట అక్కడే ఉంచుతారు. ప్రతిచర్య 24 గంటల వరకూ రావచ్చు కాబట్టి, ఆ రాత్రికి లంకలోని ఇంటికి పడవ దాటి వెళ్ళకుండా ఆసుపత్రికి దగ్గరలో ఉన్న చుట్టాలింట ఉండటం మేము అలవాటు చేసుకున్నాము.

ఆ తరువాతి ఆరు నెలలు

సెలైను ఒక పూట పని. అసలు జాగ్రత్త అంతా ఇక్కడ ఉంది. బి కణాలు తక్కువగా ఉన్న శరీరానికి జలుబులు, ఛాతీ ఇన్ఫెక్షన్లు, మూత్రం ఇన్ఫెక్షన్లు మామూలు కంటే ఎక్కువ వస్తాయి. మన ప్రాంతంలో దానికి తోడు కాలువ నీరు, వరద బురద, చేపల చెరువులు ఉన్నాయి. తాగే నీరు కాచి చల్లార్చాలి. కాలి మీద పుండు ఉండగా ఊడ్పులకో, చెరువులోకో దిగకూడదు. ఎలుకల మూత్రం కలిసిన బురద నుంచి సోకే లెప్టోస్పైరోసిస్ ఉత్త జ్వరంలాగే మొదలవుతుంది. జ్వరం 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటితే రెండు రోజులు చూద్దామనుకోవద్దు. ఊళ్ళో ఎవరు చూసినా, మొదట మీరు వాడుతున్న మందు పేరు చెప్పండి. జ్వరానికి, ఒళ్ళు నొప్పులకు తెలియకుండానే స్టెరాయిడ్ సూది వేసే అలవాటు పల్లెల్లో ఉంది; మీకు వేస్తున్న ప్రతి సూది పేరూ అడగండి.

నడుము మీదో ఛాతీ మీదో ఒక పక్కగా మంటతో కూడిన నీటిపొక్కులు వస్తే అది అక్కి. మన దగ్గర జాజుతో అక్కి వ్రాయించుకునే ఆచారం ఉంది, దానిని నేను కాదనను. కాని వైరస్ మాత్రలు మూడు రోజులలోపు మొదలుపెడితేనే బాగా పనిచేస్తాయి, అందుకని ముందు డాక్టరు దగ్గరకు వెళ్ళండి.

అందరినీ గాభరా పెట్టేది రోహిణి కార్తె. ఉక్కపోతలో, వంటింటి సెగలో, జ్వరంలో పాత లక్షణాలు పైకి తేలుతాయి: చూపు మసకవుతుంది, కాలు బరువెక్కుతుంది. జర్మన్ కంటి వైద్యుడు ఊథాఫ్ 1890లో వర్ణించిన ఈ విషయం కొత్త ఎటాక్ కాదు. గట్టు పలచబడిన చోట వేడికి సంకేతం నీరసిస్తుంది, ఒళ్ళు చల్లబడగానే కోలుకుంటుంది. నీడ, తడి తువ్వాలు, చల్లని మజ్జిగ చాలు. జ్వరం గాని ఇన్ఫెక్షన్ గాని లేకుండా, 24 గంటలు దాటినా తగ్గని కొత్త లక్షణం అయితే దానిని ఎటాక్‌గా అనుమానించి న్యూరాలజిస్టుకు చెప్పాలి. రోజులలో కాక వారాల తరబడి నెమ్మదిగా ముదిరే బలహీనత, మాట తడబాటు, స్వభావంలో మార్పు, ఆలోచన మందగించడం కనిపిస్తే మరింత త్వరగా చెప్పాలి. పి.ఎం.ఎల్. అనే మెదడు ఇన్ఫెక్షన్ ఈ మందులతో చాలా అరుదు, కాని ఆలస్యం చేయదగినది కాదు.

ప్రతి మోతాదుకు ముందు రక్తకణాలు, ఇమ్యునోగ్లోబ్యులిన్ చూస్తారు, ఏళ్ళు గడిచిన కొద్దీ అవి తగ్గుతుంటే మోతాదుల మధ్య ఎడం పెంచే ఆలోచన చేస్తారు. ఓక్రెలిజుమాబ్ పరీక్షలలో రొమ్ము క్యాన్సరు కొద్దిమందిలో కనిపించింది గనుక వయసుకు తగిన రొమ్ము పరీక్షలు మానకూడదు.

పెళ్ళి, పిల్లలు అనే మాట వచ్చేసరికి చాలా ఇళ్ళలో జబ్బునే దాచిపెడతారు. దాచితే మోతాదు తేదీలు తప్పుతాయి, అసలు నష్టం అక్కడే. ఈ జబ్బు ఉన్న స్త్రీలు తల్లులవుతున్నారు. ఓక్రెలిజుమాబ్ తీసుకున్న తరువాత ఆరు నెలలు గర్భం రాకుండా చూసుకోమని అమెరికా మందు పత్రం చెబుతుంది. జబ్బు తీవ్రతను బట్టి ఆ వ్యవధిని మీ డాక్టరు నిర్ణయిస్తారు, కాబట్టి బిడ్డ కావాలనుకున్నప్పుడే చెప్పండి. గర్భంలో ఉండగా మందు ప్రభావం బిడ్డకు చేరితే పుట్టిన బిడ్డలో కూడా బి కణాలు తక్కువ ఉండవచ్చు. మన దేశంలో పుట్టగానే వేసే బి.సి.జి., పోలియో చుక్కలు బతికిన సూక్ష్మజీవుల టీకాలు. కాన్పుకు ముందే పిల్లల డాక్టరుకు ఈ సంగతి తెలియజేస్తే, బిడ్డ రక్తం పరీక్షించి వాటిని ఎప్పుడు వేయాలో వారు చెబుతారు. కాన్పు జరిగే ఆసుపత్రి వేరే ఊళ్ళో ఉన్నప్పుడు ఇది సులభంగా మరుగున పడుతుంది. మందు పేరు, ఆఖరి మోతాదు తేదీ కాన్పు కాగితాల పైభాగాన వ్రాయించండి.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఎం.ఎస్.ను గుర్తించిన వైకల్యాలలో చేర్చింది. నడక, చూపు దెబ్బతిన్నవారు ధ్రువపత్రానికి దరఖాస్తు చేసుకోవడంలో సిగ్గుపడవలసినదేమీ లేదు.

ఇక తేదీలు. మోతాదు ఒకటి రెండు వారాలు ఆలస్యమైతే కొంప మునగదు. ఆఖరి మోతాదు తరువాత బి కణాలు తిరిగి రావడానికి చాలామందిలో ఏడాదికి పైగా పడుతుంది. కాని తప్పిన మోతాదును తరువాతి తేదీ దాకా వదిలేయకుండా వీలయినంత త్వరగా తీసుకొని, అక్కడి నుంచి మళ్ళీ ఆరు నెలలు లెక్కపెట్టాలి. ఓక్రెలిజుమాబ్‌లో రెండు మోతాదుల మధ్య అయిదు నెలలకు తగ్గకూడదు. మా అమ్మాయికి మొదట జనవరి, జూలై నెలలు పడ్డాయి. జనవరి సంక్రాంతి ఇబ్బంది లేదు, కాని 2022 జూలైలో గోదావరి పొంగి లంకలన్నీ నీటిలో ఉన్నప్పుడు లంక ఊళ్ళవారికి ఆసుపత్రి ఎంత దూరమైందో మేము చూశాము. ఆ తరువాత డాక్టరు గారితో చెప్పి, జనవరి మోతాదును కొన్ని వారాలు జరిపి, ఇప్పుడు ఫిబ్రవరి చివర, ఆగస్టు చివర పెట్టించుకుంటున్నాము. ఆగస్టులోనూ వరద రావచ్చు గనుక మోతాదుకు మూడు వారాల ముందే రక్తపరీక్షలు పూర్తిచేసి, నీరు పెరుగుతోందన్న కబురు వస్తే రెండు రోజుల ముందే అమ్మాయిని రాజమహేంద్రవరంలో మా తమ్ముడింటికి పంపుతున్నాము.